పాత ట్రాన్సిస్టరు ఏనాటిది?

మా ఇంటిలో ఒక పాత ట్రాన్సిస్టరు రేడియో ఉన్నది. తోలు తొడుగు అంచులు చిరిగినవి, భుజమున వ్రేలాడదీసుకొనే పట్టీ ఎప్పుడో పోయినది. దానిని మా అన్నగారు "చైనా యుద్ధము నాటి రేడియో" అని అందరికి చూపుచుందురు. 1962వ సంవత్సరపు చలికాలములో మా తండ్రిగారు వార్తలు వినుటకై దానిని కొని తెచ్చినారనియు, వీధి వారందరు మా అరుగుమీద చేరి వినినారనియు ఆయన చెప్పుదురు. మేమును ఆ మాట ఎన్నడు శంకింపలేదు. ఇంటి పెద్దలు చెప్పిన తేదీకి సాక్ష్యము అడుగు అలవాటు మాకు లేదు.

కొంతకాలము క్రిందట ఎలుక ఒకటి ఆ సెట్టులోని స్పీకరు కాగితమును కొరికివేసినది. 1962 నాటి సెట్టు గదా యని, ఆ కాలపు మరొక రేడియోనుండి తీసిన 3 ఓముల స్పీకరును మేమే తెచ్చి దానికి అతికించినాము. రెండు సాయంకాలములు చక్కగా పలికినది. మూడవనాడు వార్తల మధ్యలో గొంతు బొంగురుపోయి, లోపలినుండి వేడి వాసన వచ్చి, ఆగిపోయినది. తప్పు స్పీకరుది కాదు, సెట్టుదియు కాదు. ఆ సెట్టు ఏ రూపభేదమునకు చెందినదో తెలిసికొనక చేయిపెట్టిన మాది. అది ఎట్లు జరిగినదో చివర చెప్పెదము. అంతకుముందు, పాత ట్రాన్సిస్టర్ల రూపభేదములను గుర్తించు పద్ధతిని గూర్చి మాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పవలసి యున్నది.

ట్రాన్సిస్టరు అనునది నిజమునకు రేడియో పేరు కాదు. అది రేడియో లోపలి చిన్న పరికరము పేరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్, షాక్లీ అను శాస్త్రజ్ఞుల కృషివలన 1947 డిసెంబరులో అది పుట్టినది. మన తెలుగు ఇండ్లలో మాత్రము ఆ పేరు సెట్టుకే స్థిరపడిపోయినది. "ట్రాన్సిస్టరు పెట్టు" అనిన రేడియో పెట్టుమనియే అర్థము. వాడుకకు తప్పు పట్టవలసిన పనిలేదు. కాని సెట్టు వయస్సు కనుగొనదలచిన వారు పెట్టెను, లోపలి పరికరమును వేరువేరుగా చూడవలెను. ఏలయన, తయారీదారులు పెట్టెను ఒక విధముగాను, లోపలి భాగములను మరియొక విధముగాను మార్చుచు వచ్చినారు. ప్లాస్టికు పెట్టె పోతపోయుటకు కావలసిన ఉక్కు అచ్చు చాల ఖరీదైనది. ఒకసారి చేయించిన అచ్చును తయారీదారుడు అరిగిపోవువరకు వాడును. లోపలి ట్రాన్సిస్టర్లో, అంతకంటె చౌకగాను మేలుగాను ఉన్నవి దొరకిన ప్రతిసారి మారును. అందువలన బయటికి కవలపిల్లలవలె కనిపించు రెండు సెట్లు లోపల ఏమాత్రము పోలిక లేనివి కావచ్చును.

దీనికి మొదటి ఉదాహరణము మొట్టమొదటి ట్రాన్సిస్టరు రేడియోయే. అమెరికాలోని ఇండియానాపొలిస్ పట్టణమున రీజెన్సీ వారు తయారుచేసిన టీఆర్-1 అను సెట్టును 1954 అక్టోబరు 18న ప్రకటించినారు. నవంబరులో అది అంగళ్ళకు వచ్చినది. వెల 49 డాలర్ల 95 సెంట్లు. 5 అంగుళముల ఎత్తు, 3 అంగుళముల వెడల్పు, అంగుళమున్నర కంటె తక్కువ మందము. అందులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు నాలుగు ఉండెను. బ్యాటరీ 22½ వోల్టులది. నేటివారికి ఇది వింతగా తోచును. మరియొక వింత యేమనగా, దాని లోపలి మధ్యంతర పౌనఃపున్యము 262 కిలోసైకిల్సు. తరువాత వచ్చిన సెట్లలో సాధారణముగా 455 ఉండును. ఆనాటి ట్రాన్సిస్టర్లకు అంతకంటె ఎత్తున పనిచేయుట కష్టమగుటయే దీనికి కారణము. అదే పెట్టెలో తరువాతి కాలమున టీఆర్-1జీ, టీఆర్-4 అను సెట్లు కూడ వచ్చినవి. కాబట్టి పెట్టె ఆకారమును చూచి "ఇది ప్రపంచములోని మొదటి ట్రాన్సిస్టరు నమూనా" అని సంతోషించువారు వెనుకమూత తీసి లోపలి చీటీని చదివిన తరువాతనే సంతోషింపవలెను.

అమెరికాలోనే ఎమర్సన్ వారి చరిత్ర ఇంకను చిత్రమైనది. వారి 747 అను చేతి రేడియోలో చిటికెనవ్రేలంత లేని బుల్లి వాల్వులే ఉండెడివి. 1955లో వచ్చిన 838 అను సెట్టు చూచుటకు దాని వలెనే ఉన్నను, లోపల మూడు వాల్వులు, రెండు ట్రాన్సిస్టర్లు కలసి కాపురము చేసినవి. అటువంటి సెట్టును ట్రాన్సిస్టరు రేడియో యని చెప్పి అమ్మినవాడు అబద్ధమాడలేదు. నిజము మొత్తము చెప్పలేదంతే.

ఇంగ్లండులో బుష్ వారి సెట్టు కూడ ఇట్టిదే. మన దేశమున ఆ పేరు ఎరుగని రేడియో గృహస్థుడు ఒకప్పుడు లేడు. వారు 1957లో ఎంబీ-60 అను వాల్వు సెట్టును తెచ్చినారు. ఎదుట పెద్ద గుండ్రని డయలు, పైన పిడి, చూడముచ్చటైన రూపము. 1959లో ఇంచుమించు అదే రూపముతో టీఆర్-82 అను ట్రాన్సిస్టరు సెట్టు వచ్చి ఇంటింటికి చేరినది. ఈ రెండింటిని దూరమునుండి విడదీయుట కష్టము. వెనుకమూత తీసినచో క్షణము పట్టదు. ఒకదానిలో గాజు వాల్వులు నిలబడి యుండును, రెండవదానిలో గోధుమరంగు పలకమీద మిరియపు గింజలవలె ట్రాన్సిస్టర్లు అతుకబడి యుండును. కథ ఇక్కడితో ముగియలేదు. పాతరూపములపై జనులకు మమకారము పెరిగిన కాలమున, 1997లో, అదే ఆకారముతో టీఆర్-82/97 అను కొత్త సెట్టును అమ్మినారు. దాని డయలుమీద ఎఫ్.ఎం. కూడ కలదు. 1959 నాటి టీఆర్-82 డయలుమీద ఉన్నవి దీర్ఘతరంగములు, మధ్యతరంగములు మాత్రమే. పాతసెట్టు అని చెప్పి ఈ కొత్తదానిని పాత వెలకు కొనినవారు లేకపోలేదు.

పేరు చివరి అక్షరమును నిర్లక్ష్యము చేయరాదనుటకు జెనిత్ వారి రాయల్ 500 చక్కని నిదర్శనము. 1955 చివర 75 డాలర్ల వెలకు వచ్చిన ఈ ఏడు ట్రాన్సిస్టర్ల సెట్టుకు ముందువైపున గుడ్లగూబ కన్నులవలె రెండు గుండ్రని మీటలు ఉండును. మొదట తయారైన సెట్లలో తీగలన్నియు పనివారు చేతితో ఒక్కొక్కటే అతికినవి. కొద్దికాలములోనే ముద్రిత తీగల పలక వచ్చినది. బయటి రూపములో భేదము స్వల్పమే. ఆ తరువాత 500-బీ, 500-డీ, 500-ఈ, 500-హెచ్ అని అక్షరములు చేరుచు వచ్చినవి. డీ నాటికి ట్రాన్సిస్టర్లు ఎనిమిదైనవి. "మా యింట రాయల్ 500 ఉన్నది" అనుట "మా ఊరిలో సుబ్బారావు ఉన్నాడు" అనుట వంటిది. ఏ సుబ్బారావో తెలియవలెనన్న ఇంటిపేరు కావలెను. రేడియోకు ఆ ఇంటిపేరు చివరి అక్షరము, లోపలి ఛాసీ సంఖ్య.

జపానువారి సెట్లలో పేరుపెట్టు పద్ధతి కొంత సులువైనది. సోనీ వారి తొలి సెట్ల సంఖ్యలో మొదటి అంకె తరచుగా ట్రాన్సిస్టర్ల లెక్కను చెప్పును. 1955 ఆగస్టులో వచ్చిన టీఆర్-55లో ఐదు, 1957 మార్చిలో వచ్చిన టీఆర్-63లో ఆరు, 1958లో వచ్చిన టీఆర్-610లో ఆరు. 1958లోనే వారు తెచ్చిన టీఎఫ్ఎం-151 అను ఎఫ్.ఎం. సెట్టులో పదునైదు. టీఆర్-55కు ముందు టీఆర్-52 అను సెట్టు ఒకటి చేసినారు గాని, ఎండకాలపు వేడికి దాని ముందు జాలరి పెట్టెనుండి ఊడి వంగిపోవుటచే అంగడికి రాలేదు. టీఆర్-63ను చొక్కాజేబులో పట్టు రేడియో అని ప్రచారము చేసినారు. అది మామూలు జేబుకంటె కొంచెము పెద్దదగుటచే, అమ్మకపువారికి పెద్దజేబుల చొక్కాలు కుట్టించి ఇచ్చినారని ఒక ముచ్చట ఆ సంస్థ చరిత్రలోనే కలదు. జేబును రేడియోకు సరిపుచ్చుట మాకు తెలిసిన వ్యాపార యుక్తులలో మిక్కిలి నిజాయితీ గలది!

సోనీ సెట్ల విషయమున మరియొక ఆనవాలు ఉన్నది. 1958 జనవరి వరకు ఆ సంస్థ పేరు సోనీ కాదు, టోక్యో ట్సూషిన్ కోగ్యో. సరకుమీద మాత్రము 1955 నుండియే సోనీ అను ముద్ర వేసినారు. కనుక ముందువైపున సోనీ అని ఉన్నంత మాత్రమున కాలము తేలదు. వెనుకవైపు చిన్న అక్షరములలోని సంస్థ పూర్తిపేరును చదువవలెను. టీఆర్-610 రూపమును ఎందరో అనుకరించినారు కాబట్టి ఆకారము సాక్ష్యము అసలు పనికిరాదు.

ఇక ట్రాన్సిస్టర్ల లెక్క. "6 ట్రాన్సిస్టర్లు", "8 ట్రాన్సిస్టర్లు" అని బంగారురంగు అక్షరములతో సెట్టు ముఖముననే వ్రాయుట ఒకప్పటి ఆచారము. ఆరు అనిన దాని అర్థమిది: గాలిలోని తరంగమును అందుకొని మధ్యంతర పౌనఃపున్యమునకు మార్చునది ఒకటి, దానిని బలపరచునవి రెండు, అందులోనుండి వేరుచేసిన ధ్వనిని ముందుకు తోయునది ఒకటి, స్పీకరును కదలించునవి రెండు. టీఆర్-1లో స్పీకరును కదలించు బాధ్యత ఒక్క ట్రాన్సిస్టరు మీదనే ఉండెను. ఏడవది ఉన్నచో సాధారణముగా ధ్వనిని తొలుత కొంత పెంచుటకు వాడినారు. అంతకుమించి లెక్క పెరిగినప్పుడు సందేహింపవలెను. 1960 తరువాతి చౌక సెట్లు కొన్నింటిలో ముఖముపై పది అని వ్రాసి, లోపల కొన్నింటిని ఏ పనియు లేకుండ ఉత్తగా పలకకు అతికి, కొన్నింటిని డయోడ్లుగా మాత్రము వాడి లెక్క నింపినారు. దీనికి విరుద్ధముగా రెండే ట్రాన్సిస్టర్లతో "బాయ్స్ రేడియో" అను పేరుతో జపానునుండి సెట్లు వెళ్ళినవి. వాటిని ఆటవస్తువుల క్రింద లెక్కించుటచే పెద్దసెట్లకున్న ఎగుమతి నిబంధనలు వర్తింపలేదు. వీటి పెట్టెలు ఆరు ట్రాన్సిస్టర్ల సెట్ల పెట్టెలవలెనే ఉండును. దగ్గరి స్టేషను తప్ప మరేమియు సరిగా పలుకవు. అట్టిది చేతికి వచ్చి సరిగా పలుకకపోయిన, అది చెడిపోయినదని భ్రమపడి విప్పరాదు.

డయలు గొప్ప సాక్షి. అమెరికాలో అమ్ముటకు చేసిన సెట్టయినచో మధ్యతరంగముల వరుసలో 640 వద్దను, 1240 వద్దను రెండు చిన్న త్రికోణములు ఉన్నవేమో చూడవలెను. యుద్ధప్రమాదము సంభవించినప్పుడు ప్రజలు ఆ రెండు స్థానములలోనే ప్రభుత్వ సూచనలు వినవలెనని అక్కడ ఒక ఏర్పాటు ఉండెడిది. దాని పేరు కానెల్రాడ్. 1953 నుండి 1963 వరకు ఆ గుర్తులు వేయుట తప్పనిసరి. జపానులో చేసి అమెరికాకు పంపిన సెట్లమీద కూడ అవి ఉండును. అమెరికానుండి బంధువులెవరో తెచ్చిన పాతసెట్టు మీ బీరువాలో ఉన్నచో ముందు ఆ త్రికోణములను వెదకుడు. ఉన్నవా, పదేండ్ల గడువులోనికి వచ్చిచేరినట్లే. డయలు 1600 దాటి 1700 వరకు సాగినదా, అది ఆ కాలమునకు ఎంతో తరువాతిది. ఆ విస్తరణకు మూలమైన అంతర్జాతీయ నిర్ణయము 1979లో గాని జరుగలేదు.

కిలోసైకిల్సు అని వ్రాసియున్నదా, కిలోహెర్ట్జు అని వ్రాసియున్నదా అనునది కూడ చూడదగినదే. హెర్ట్జు అను పేరు అంతర్జాతీయ కొలమానముల పట్టికలోనికి 1960లో ఎక్కినను డయళ్ళమీదికి దిగుటకు పది పదునైదేండ్లు పట్టినది. కనుక కేసీ, ఎంసీ అను గుర్తులు ఉన్న సెట్టు పాతదగుటకు ఎక్కువ అవకాశము కలదు. అంతకంటె గట్టిగా చెప్పరాదు. పాత అచ్చు డయళ్ళు మిగిలిపోయిన తయారీదారుడు వాటిని పారవేయడు గదా!

దీర్ఘతరంగములు కనిపించినచో ఆ సెట్టు ఇంగ్లండు వంటి ఐరోపా దేశముల వాడుక కొరకు చేసినదని తెలిసికొనవలెను. ఆకాశవాణి దీర్ఘతరంగములపై ప్రసారము చేయలేదు. మనవంటి దేశములకు చేసిన రూపభేదములో అదే పెట్టెలో ఆ వరుసను తీసివేసి హ్రస్వతరంగములను చేర్చినారు. 25, 31, 41 మీటర్ల గుర్తులు డయలుమీద నలిగిపోయి, మీట ఆ చోటనే తిరిగి తిరిగి అరిగిన సెట్లు మేము ఎన్నో చూచినాము. రేడియో సిలోను పాటలు ఏ ఇంట ఎంత వినినారో ఆ అరుగుదల చెప్పును. 60, 90 మీటర్ల గుర్తులు ఉన్నచో ఉష్ణమండల దేశములను దృష్టిలో పెట్టుకొని చేసిన సెట్టని చెప్పవచ్చును.

ఇంతవరకు వెలుపలి సాక్ష్యము. గట్టి సాక్ష్యము లోపల, ట్రాన్సిస్టర్ల పేర్లలో ఉన్నది. ఐరోపా పద్ధతిలో తొలి ట్రాన్సిస్టర్లకు వాల్వుల నామకరణమునే వర్తింపజేసినారు. వాల్వు పేరులో మొదటి గుర్తు లోపలి తీగను వేడిచేయు వోల్టేజీని తెలుపును. ట్రాన్సిస్టరుకు అట్టి తీగయే లేదు కాబట్టి "ఓ", అనగా సున్న. రెండవ అక్షరము "సీ" మూడు కొసలు గలదని చెప్పును. ఇట్లు ఓసీ44, ఓసీ45, ఓసీ71, ఓసీ72 అను పేర్లు వచ్చినవి. ఇవి నల్లరంగు పూసిన చిన్న గాజుగొట్టములు. ఆ రంగును గోళ్ళతో గీకరాదు. వెలుగు సోకిన జెర్మేనియం గుణము మారును. ఈ గుణమును వినియోగించుకొనియే ఓసీ71 రకమును వెలుగును పసిగట్టు పరికరముగా కూడ అమ్మినారు. వీటి తరువాత లోహపు తొడుగుతో, నాలుగు కాళ్ళతో ఏఎఫ్117 వంటివి వచ్చినవి. కాలము గడచిన కొలది వీటి లోపల తగరపు సన్నని వెంట్రుకలు మొలచి తొడుగును తాకును. అంతటితో సెట్టు మూగవోవును. మెకానికులు తొడుగునకు చెందిన నాలుగవ కాలిని కత్తిరించి తరచుగా ప్రాణము పోయగలరు.

ఈ కొత్త నామకరణములో మొదటి అక్షరము పదార్థమును చెప్పును. ఏ అనిన జెర్మేనియం, బీ అనిన సిలికాను. రెండవ అక్షరము పనిని చెప్పును. సీ ధ్వనికి, ఎఫ్ రేడియో తరంగములకు. ఏసీ128 అనిన ధ్వనికై చేసిన జెర్మేనియం ట్రాన్సిస్టరు. బీఎఫ్194 అనిన తరంగములకై చేసిన సిలికాను ట్రాన్సిస్టరు. బీసీ148, బీఎఫ్194 అను నల్లని ప్లాస్టికు ట్రాన్సిస్టర్లు 1960 తరువాతి దశకపు చివరి సంవత్సరములకు ముందు ఇండ్లలోనికి రాలేదు. జపాను పద్ధతిలో 2ఎస్ఏ, 2ఎస్‌బీ అనునవి ఒక ధ్రువతకు, 2ఎస్‌సీ, 2ఎస్‌డీ అనునవి దానికి విరుద్ధమైన ధ్రువతకు చెందినవి. సోనీవారు మొట్టమొదట 2టీ అను తమ సొంత పేర్లు వాడినారు. మన దేశమున బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు జెర్మేనియం పరికరముల తయారీని 1962లో ప్రారంభించినారు. వారి ముద్ర గల ట్రాన్సిస్టరు కనిపించినచో అంతకు పూర్వపు తేదీని గూర్చి వాదులాడ పనిలేదు. మరమ్మత్తులో మార్చినదైనచో సంగతి వేరు. దానిని వెనువైపు అతుకుల మెరుపును చూచి కనుగొనవచ్చును. కర్మాగారపు అతుకులన్నియు ఒకే తీరుగా ఉండును, మెకానికు అతుకు బొద్దుగాను, చుట్టును జిగురుమరకతోను ఉండును.

కొన్ని భాగములమీద తేదీయే ఉండును. అమెరికా సెట్టులోని ధ్వనిమీటపై 1376223 అని ఉన్నదనుకొనుడు. మొదటి మూడంకెలు తయారీదారు గుర్తు, తరువాతి రెండు సంవత్సరము, చివరి రెండు వారము. అనగా 1962వ సంవత్సరపు 23వ వారమున ఆ మీట తయారైనది. సెట్టు అంతకు ముందుది కానేరదు. తరువాతిది మాత్రము కావచ్చును. ఈ తర్కమును మరువరాదు. భాగము చెప్పు తేదీ ఎప్పుడును "దీనికి ముందు కాదు" అనియే చెప్పును. ఒక్క భాగము తేదీని పట్టుకొని తీర్పు చెప్పక, కదిలింపబడని భాగములన్నిటిలో కడపటి తేదీని తీసికొనవలెను.

రెండు సెట్లను కలిపి ఒకటి చేసిన సందర్భములు కూడ పలువురకు ఎదురగును. ఒకదాని పగిలిన వెనుకమూతకు బదులు మరియొకదాని మూతను బిగించుట మరమ్మత్తు అంగళ్ళలో దినచర్య. దానిలో మోసమేమియు లేదు. చిక్కంతయు మూతకు లోపలివైపున ఉన్న చీటీతో వచ్చినది. ఆ చీటీ మూతతోపాటు ఇల్లు మారినది. కనుక చీటీమీద వ్రాసిన ట్రాన్సిస్టర్ల పేర్లను, పలకమీద ఉన్నవాటి పేర్లను పోల్చి చూచిన తరువాతనే చీటీని నమ్మవలెను. మూత రంగు లోపలివైపున పెట్టె లోపలి రంగుతో సరిపోవలెను. వెలుపలి రంగును ఎండ మార్చును గాని లోపలి రంగును మార్చదు.

విప్పునప్పుడు ముందు బ్యాటరీని తీయవలెను. పాత బ్యాటరీలు కారి పచ్చని చిలుము పట్టియుండును, దానిని చేతితో తాకరాదు. చీటీ ఊడిపోవునట్లున్న గట్టిగా రుద్దక ముందుగా ఫోటో తీసికొనుట మేలు. తోలు తొడుగును కూడ పూర్తిగా విప్పవలెను. ఈ చివరి మాటను మేము మా అనుభవముమీద చెప్పుచున్నాము.

మా సెట్టు ఆగిపోయిన తరువాత మేము చేసిన పని, మొదటనే చేయవలసినది. తోలు తొడుగు కుట్లు విప్పినాము. అడుగున నమూనా సంఖ్య తరువాత చిన్న అక్షరము ఒకటి కనిపించినది. అంతకాలము తొడుగు అంచు దానిని కప్పియుండెను. పలకమీద చూడగా ముందుభాగమున బీఎఫ్194లు, చివర ఏసీ127, ఏసీ128 జంట. అతుకులన్నియు ఒకే తీరు, మరమ్మత్తు జాడలేదు. పాత పద్ధతి సెట్లలో చివరి రెండు ట్రాన్సిస్టర్లకును స్పీకరునకును నడుమ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండును. అందువలన 3 ఓముల స్పీకరు వాటికి సరిపోవును. తరువాతి రూపభేదములో విరుద్ధ ధ్రువతలు గల జంటను వాడి ఆ ట్రాన్స్‌ఫార్మరును తీసివేసినారు. స్పీకరు తిన్నగా ట్రాన్సిస్టర్లకే తగులుకొని యుండును, కనుక దాని నిరోధము ఎక్కువ ఉండవలెను. మా సెట్టునకు కావలసినది 15 ఓములు. మేము 3 ఓములది పెట్టుటచే ఆ జంట తాను మోయగల దానికంటె ఎన్నోరెట్ల కరెంటును మోసి, వేడెక్కి మాడిపోయినది. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదా లేదా అని మూత తీసి ఒక్క చూపు చూచిన చాలియుండెడిది. "చైనా యుద్ధము నాటిది" అను మాట మా కన్నులను కప్పినది.

ఇంకొక చిక్కు మిగిలినది. బీఎఫ్194 ఉన్న సెట్టు 1962 నాటిది కానేరదు. ఈ సంగతి మా అన్నగారికి చెప్పుటకు మేము కొంత జంకినాము. ఆయన నమ్మలేదు. "నాకు ఆరేండ్లు. అరుగుమీద జనము కూర్చొని వినుట నేను నా కన్నులతో చూచినాను" అన్నారు. ఆ మాటయు అబద్ధము కాదు. తొంబదియేండ్లకు దగ్గరపడిన మా తల్లిగారు గదిలోనుండి ఇదంతయు వినుచునే యుండిరి. చివరకు ఆమె పలికిరి: "చైనావాళ్ళ యుద్ధం పంచాయతీ రేడియోలో విన్నాం నాయనా. చావడి అరుగుమీద పెట్టేవాళ్ళు. మీ నాన్న నిన్ను భుజానెక్కించుకొని తీసుకెళ్ళేవారు. ఇది బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు కొన్నది. చావడి దాకా నడవలేను, మోకాళ్ళు పట్టేశాయని."

ఆనాడు రేడియోకు తపాలా కార్యాలయములో లైసెన్సు తీసికొనవలెను. ఆ విధానము 1980 తరువాతి దశకములో రద్దైనది. మా ఇంటి లైసెన్సు పుస్తకము పాత దస్తావేజుల ట్రంకుపెట్టె అడుగున దొరికినది. మొదటి ముద్రలో తారీఖు కొంత చెరిగినది గాని సంవత్సరము చదువ వీలగుచున్నది: 1971. మా అన్నగారు దానిని వెలుతురులో పెట్టి చాలసేపు చూచినారు. సెట్టును గూర్చి ఆ తరువాత ఏమియు మాటాడలేదు. చావడి ఉన్న చోటు ఏదని మా తల్లిగారిని అడిగినారు. తండ్రిగారి భుజముమీద ఏ ప్రక్కన కూర్చుండెడివాడినని కూడ అడిగినారు.

ఏసీ127, ఏసీ128 జంటను వెదకుటకు కొన్ని వారములు పట్టినది. 15 ఓముల స్పీకరు అంతకంటె ముందే దొరికినది. సెట్టు మరల పలుకుచున్నది. వెనుకమూత లోపలివైపున, తయారీదారు చీటీకి తగులకుండ, చిన్న కాగితము అంటించి నమూనా సంఖ్యను చివరి అక్షరముతో సహా వ్రాసినాము. దాని క్రింద "1971", దాని క్రింద "స్పీకరు 15 ఓములు, తక్కువది పెట్టరాదు" అని వ్రాసి, మరమ్మత్తు చేసిన తేదీ వేసినాము.